నిదానమ్మ అరిచిన సాయంత్రం

"అమ్మా, నీ కోసం జనం ఏడుస్తున్నారు," అంది కూతురు ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ఇదిగో, ఒకావిడ రాసింది. మీరు అరుస్తుంటే నేనే అరిచినట్టుంది అక్కా, అని."

"ఇంకా ఏం రాశారు?"

"నానమ్మ మీదే అరిచావని ఊహించి, ఆవిణ్ణి రాక్షసి అని రాశారు."

నిదానమ్మ స్టవ్ వైపు తిరిగింది. టీ పొంగి కారి, మంట ఆరిపోయి, గ్యాస్ వాసన వస్తోంది. స్టవ్ కట్టేసి కిటికీ తెరిచింది. రాక్షసి అన్న మాట ఆమెకి కాస్త ఎక్కువే అనిపించింది. కాస్తే.

నిదానమ్మ ఆమె అసలు పేరు కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి, ఇంట్లో బట్టల గదిలోంచే, రేడియోలో ఆమె గొంతు వస్తుంది. "కళ్ళు మూసుకోండి... ఊపిరి మెల్లగా వదలండి... మీలోకి మీరు చూసుకోండి..." పని నుంచి అలిసి వచ్చినవాళ్ళు ఆ గొంతు వింటూ కుర్చీల్లో వెనక్కి వాలతారు. వాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరది. ఇంట్లో కూతురు వెక్కిరింపుగా మొదలుపెడితే ఇప్పుడు పాలవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు.

ఆ నిదానమ్మే నిన్న ప్రసారం మధ్యలో గావుకేక పెట్టింది. "ఈ ఇంట్లో నాకు ఊపిరి పీల్చుకునే చోటు కూడా లేదా? ఆరేళ్ళుగా నా గొంతు నేనే నొక్కుకుని బతుకుతున్నాను! పొండి! నా ముందు నుంచి పొండి!"

రేడియో వాళ్ళు కంగారుపడి సంగీతం వేశారు. కానీ అప్పటికే ఊరు విన్నది. వినని వాళ్ళకి విన్నవాళ్ళు పంపించారు. ఆమె కార్యక్రమాన్ని ఎన్నడూ వినని మనుషులు ఎక్కడైనా ఉన్నారంటే అది ఈ ఇంట్లోనే.

నిన్న ఆ సమయానికి మొగుడు పనిలో ఉన్నాడు. కూతురు కాలేజీలో ఉంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆమె, అత్తగారు.

అత్తగారు రాత్రి నుంచి తలుపు వేసుకుని కూర్చుంది. అన్నం వద్దంది. పొద్దున ఒకే ఒక్కసారి బయటికి వచ్చి, "సాయంత్రానికి టాక్సీ చెప్పాను. నా కూతురింటికి పోతున్నాను," అని హాల్లో గోడకి చెప్పి మళ్ళీ లోపలికి పోయింది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఇవాళ సెలవు పెట్టాడు. పెట్టి చేసిందేమీ లేదు. వంటింటికీ అమ్మ గదికీ మధ్య, రెండంతస్తుల నడుమ ఇరుక్కున్న లిఫ్టులా నిలబడి ఉన్నాడు.

"రాత్రి నీ మాట విని అమ్మని ఎక్కువే కోప్పడ్డానేమో," అన్నాడు.

"ఎక్కువేముంది? ప్రసారం జరిగేటప్పుడు రావద్దని ఎన్నిసార్లు చెప్పాం? తలుపు మీద ఎర్రలైటు అంత కనిపిస్తుంటే వచ్చారంటే కావాలనే వచ్చినట్టు కాదా?"

"వచ్చి ఏమంది?"

"రాత్రే చెప్పానుగా. 'ఈ గుసగుసలు ఎవరిని ఉద్ధరించడానికి? నీ మాటలు నమ్మేవాళ్ళు కూడా ఉన్నారా?' అన్నారు. మూతి విరిచి మరీ అన్నారు."

"అదే మాటా?"

"నాకు చెవుడు లేదండీ."

అతను ఇంక ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అతనికి బాగా వచ్చిన విద్య. పెళ్ళైన కొత్తలో అది మంచితనం అనుకుంది. ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి గట్టిగా నా వైపో, మీ అమ్మ వైపో చేరి చావండి అని అరవాలనిపిస్తుంది. అరవడం అయితే నిన్న అయిపోయింది. మనసు మాత్రం ఏమీ తేలిక పడలేదు. అదే ఆమెకి అంతుబట్టడం లేదు.

సాయంత్రం ఐదింటికి కాలింగ్ బెల్లు మోగింది.

"ఉద్యోగం ఊడగొట్టడానికి వచ్చి ఉంటారు," అంది కూతురు. "ఫోన్లో చెబితే పోయేదిగా, పాపం పెట్రోలు దండగ."

రేడియో స్టేషన్ మేనేజరు వచ్చాడు. మైకు స్టాండులా సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఒక చేతిలో లాప్‌టాప్ సంచి ఉంది. రెండో చేతిలో పెద్ద పూలగుత్తి.

నిదానమ్మ ఆ పూలని చూసి, వీడ్కోలు చెప్పడానికి కూడా పూలు ఇస్తారు కాబోలు అనుకుంది.

"మేడమ్," అన్నాడతను సోఫాలో కూర్చోకముందే, "ఇన్నాళ్ళూ ఈ గొంతుని ఎక్కడ దాచారు?"

"నేను... అది అనుకోకుండా..."

"అదే కావాలి! అనుకుని అరిస్తే నాటకం అయ్యేది. పొద్దున నుంచి మా ఫోన్లు ఆగట్లేదు. ఒక్కళ్ళు తిట్టలేదు. అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆవిడకి ఆ ఇంట్లో ఏం జరుగుతోంది అని." అతను గొంతు తగ్గించి, మూసి ఉన్న గది వైపు చూశాడు. "ఆవిడ లోపలే ఉన్నారా?"

"ఉన్నారు," అన్నాడు మొగుడు. "మా అమ్మ."

"సారీ సార్. తప్పుగా అనుకోకండి, కానీ లోకం మొత్తం మీ ఆవిడ పక్షాన ఉంది." మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "కొత్త కార్యక్రమం మేడమ్. స్టూడియోలో మీకంటూ గది. అద్దాల గది, ఏసీ. ఇంక బట్టల గదిలో దుప్పట్లు వేలాడదీసుకుని చెమటలు కక్కే పని లేదు. ఇవాళ్టికి ఇక్కణ్ణించే, ఆరింటికి మొదలు. కళ్ళు మూసుకోండి, ఊపిరి పీల్చండి లాంటివి వద్దు. మీ కథ చెప్పండి. నిన్నటి క్లిప్పు ముందు వేస్తాం. తర్వాత మీరు మీ మనసులో ఉన్నది ఉన్నట్టు మాట్లాడతారు. మీరు మీరుగా ఉండండి, అంతే."

మీరు మీరుగా ఉండండి. ఆ మాట ఆమె వినేవాళ్ళకి రోజూ చెప్పేదే. తనతో ఒకరు అనడం ఇదే మొదలు. కళ్ళు చెమర్చాయి.

ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ బట్టల గది ఒక్కటే. అందులో కూర్చుని చెప్పే ఆ కాసిని మాటలే ఆమె సొంతం. నిన్న అవి కూడా పోయాయనుకుని రాత్రంతా దొర్లింది. ఇప్పుడు ఏకంగా అద్దాల గది వచ్చి గుమ్మంలో నిలబడింది.

"క్లిప్పు వినండి. ఎంత బాగా వచ్చిందో," అని మేనేజరు లాప్‌టాప్ తెరిచాడు.

"ఈ ఇంట్లో నాకు ఊపిరి పీల్చుకునే చోటు కూడా లేదా?" హాలు మార్మోగింది. మొగుడు చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"దీనికి ముందు భాగం ఏదీ?" అంది ఆమె.

"ముందు భాగం ఎందుకు మేడమ్? దగ్గులూ అవీ ఉన్నాయి. తీసేశాం."

"మా అత్తయ్య మాటలు కూడా ఉంటాయిగా."

"ఉంటాయి. కానీ అవసరం లేదు. వినేవాళ్ళు ఊహించుకోవాలి. అందులోనే ఉంది మజా."

"నాకు అవసరం. పెట్టండి." మొగుడి వైపు తిరిగింది. "మీరూ వినండి. అదే మాటా అని అడిగారుగా. మీ చెవులతోనే వినండి."

"ఇప్పుడెందుకులే," అన్నాడు అతను.

"ఇప్పుడే. నిన్నటి నుంచీ నేనేదో పెద్ద నేరం చేసినట్టు చూస్తున్నారు. పెట్టండి మేనేజరు గారూ!"

మేనేజరు వేలు ఒక్క క్షణం ఆగింది. "మేడమ్, నా మాట వినండి..."

"పెట్టండి!"

పెట్టాడు.

ముందు ఆమె గొంతు. మెత్తగా, నూనె రాసినట్టు. "మీరెవరో మీకు తెలిసిన రోజు... ఇంక దేనికోసమూ వెతుక్కోరు... ఆ తృప్తి మీలోనే..." దగ్గు. "మీలోనే ఉంది... దాన్ని..." మళ్ళీ దగ్గు. ఆగని దగ్గు. తలుపు కిర్రుమంది.

తర్వాత అత్తగారి గొంతు. మైకుకి దూరంగా, రేడియోలో ఎవరికీ అందనంత గుసగుసగా.

"అమ్మాయ్, దగ్గు ఆగట్లేదు. రెండు గుక్కలు నీళ్ళు తాగు. చప్పుడు చెయ్యనులే."

గ్లాసు ఎక్కడో తాకిన చప్పుడు.

వెంటనే నిదానమ్మ కేక. "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? ఎప్పుడూ నా మీద ఒక కన్నేసి ఉంచకపోతే తోచదా? ఈ ఇంట్లో నాకు..." ఆ తర్వాత ఊరంతా విన్న భాగం. తర్వాత గ్లాసు పగిలిన చప్పుడు. తలుపు ధడాలున పడింది. మేనేజరు అక్కడ ఆపేశాడు.

కిటికీలోంచి పక్కింటి కుక్కర్ విజిల్ వినిపించింది.

"నానమ్మ ఆ మాటే అననే లేదే," అంది కూతురు మెల్లగా.

"ఇంకోసారి పెట్టండి."

ఇంకోసారి పెట్టాడు. రెండు గుక్కలు నీళ్ళు. చప్పుడు చెయ్యనులే.

"మధ్యలో ఏదో పోయింది. మీరు కోశారుగా."

"క్లిప్పులో కోశాను మేడమ్. ఇది కోయనిది. మీరు ఇక్కణ్ణించి పంపింది పంపినట్టే ఉంది."

మొగుడు లేచాడు. అమ్మ గది తలుపు దాకా వెళ్ళి చెయ్యెత్తాడు. తట్టకుండానే దించేశాడు.

నిదానమ్మ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అదే భయంగా ఉంది. ఆ మాటలు ఆమె నిజంగా విన్నది. ఈ గుసగుసలు ఎవరిని ఉద్ధరించడానికి? నీ మాటలు నమ్మేవాళ్ళు కూడా ఉన్నారా? నిన్ననే కాదు, రోజూ విన్నది. మూతి విరుపు కూడా కళ్ళకి కట్టినట్టు ఉంది. అత్తగారు అనకపోతే ఎవరన్నట్టు?

ఆమె ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళి అత్తగారి గది తలుపు తోసింది. గడియ లేదు. నిన్నటి నుంచీ గడియ పెట్టనే లేదన్నమాట. ఎవరూ తోసి చూడలేదు.

ముసలావిడ మంచం మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన చేతులు. మడతలు పక్క మీద పరిచిన దుప్పటిలా సాఫీగా ఉన్నాయి. దగ్గు వినిపిస్తే నీళ్ళు పట్టుకుని లేవడం ఆ ఒంటికి పట్టిన అలవాటు. అర్ధరాత్రి పక్కింట్లో ఎవరు దగ్గినా ఆవిడకి మెలకువ వస్తుంది.

"మీరు నీళ్ళు తెచ్చారని ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"అడిగారా?"

"మీ అబ్బాయి అంత మాట అంటుంటే, అలా ఊరుకుని..."

"వాడు అడగలేదు. తీర్పు చెప్పాడు. అడిగితే చెప్పేదాన్ని."

"నన్ను క్షమించండి అత్తయ్యా. నేను కావాలని..."

"ఆ గొంతు తీసెయ్."

"ఏ గొంతు?"

"అదే. ఆ జోకొట్టే గొంతు. అది రేడియోలో అమ్ముకునేది. నా దగ్గర దానికి బేరం లేదు." ఆవిడ సంచి జిప్పు లాగింది. "నిన్న అరిచావు చూడు, అది నీ గొంతు. చెవులు పగిలాయి గానీ మనిషివి కనిపించావు. ఇప్పుడు మళ్ళీ దాక్కున్నావు."

నిదానమ్మ నోరు తెరిచింది. మామూలు గొంతు కోసం వెతుక్కుంది. దొరకలేదు. ఆరేళ్ళలో క్షమాపణ అడగడానికి కూడా ఒకటే గొంతు మిగిలింది.

"పో. నీకు టైమవుతోంది," అంది అత్తగారు.

హాల్లో మేనేజరు తీగలు కలుపుతున్నాడు. మొగుడు కనిపించలేదు, బాల్కనీలో ఉండి ఉంటాడు.

"నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను," అంది ఆమె.

"అదే కదా నేనూ అంటున్నాను!"

"మా అత్తయ్య నీళ్ళు తెచ్చారని."

మేనేజరు చేతిలో తీగ జారింది. "మేడమ్, కూర్చోండి. చల్లగా ఆలోచించండి. మీ మీద జనానికి జాలి ఉంది. ఆ ఒక్క మాటతో అది మీ మీదే కోపం అవుతుంది. కొత్త కార్యక్రమం పోతుంది. పాతది అసలు ఉండదు. ఊపిరి పీల్చండి అని మీరు చెబితే రేపు నవ్వుతారు జనం. మీరు అరిచినదాంట్లో అబద్ధం ఏముంది చెప్పండి? మీకు ఊపిరాడటం లేదన్నది నిజమే కదా?"

"నిజమే."

"మరి ఆ నిజం చెప్పండి. నీళ్ళ గ్లాసు చిన్న విషయం."

అతను అన్నదాంట్లో ఎక్కడా తప్పు దొరకలేదు. అందుకే ఇంకా చిరాకేసింది. ఆమె బట్టల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇరుకు గది. గోడలకి దుప్పట్లు, మధ్యలో స్టూలు, మైకు. కాలికింద చిన్న గాజు పెంకు కరకరలాడింది. మిగతావి ఎవరు ఊడ్చారో ఆమెకి అప్పుడు తట్టింది.

కళ్ళు మూసుకుంది. మీలోకి మీరు చూసుకోండి అని ఎంతమందికి చెప్పింది! తాను చూసుకుందామంటే నల్లగా, ఉక్కగా ఉంది. రోజూ ఈ గదిలోకి వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటి మాట అనబోయే ముందు...

అక్కడ దొరికింది.

ఈ గుసగుసలు ఎవరిని ఉద్ధరించడానికి? నీ మాటలు నమ్మేవాళ్ళు కూడా ఉన్నారా?

ఆ మాట రోజూ అంటున్నది ఆమే. తనతో తాను, ప్రతి సాయంత్రం. ఎవరో ఒకరు అనాలి కాబట్టి దానికి అత్తగారి మొహం తగిలించింది. మూతి విరుపు కూడా తానే గీసింది. నిన్న సరిగ్గా తృప్తి గురించి చెబుతుంటే ఆ మాట గొంతుకి అడ్డం పడింది. దగ్గు అదే. ఆ క్షణంలో తలుపు తెరుచుకుని ఎవరో తన ఇబ్బందిని చూసేశారు. నీళ్ళు కూడా ఇవ్వబోయారు. అది బాధపడ్డ మనిషి కోపం కాదు. దొరికిపోయిన మనిషి కోపం.

ఏడుపు రాలేదు. పంటి కింద ఇరుక్కున్నదేదో నాలుకకి తగిలినట్టయింది. ఇంకా పోలేదు, కానీ ఎక్కడుందో తెలిసింది.

ఎర్రలైటు వెలిగింది. హెడ్‌ఫోన్‌లో నిన్నటి తన కేక వినిపించింది, ఆ వెనకే నిశ్శబ్దం.

"ఇప్పుడు మీరు విన్నది సగమే," అంది నిదానమ్మ. ఆ గొంతు విని ఆమే ఉలిక్కిపడింది. కాస్త బొంగురు, కాస్త వేగం. నూనె లేదు. "దానికి ముందు మా అత్తయ్య నాకు నీళ్ళు తెచ్చారు. నేను దగ్గుతున్నానని. నేను ఆవిడ మీద అరిచి గ్లాసు విసిరికొట్టాను. ఆవిడ నన్నేమీ అనలేదు. అన్నారని మా ఇంట్లో చెప్పాను. నేనూ నమ్మాను."

తలుపు ఓరగా తీసి మేనేజరు రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆమె అటు చూసి, ఇటు తిరిగింది.

"మీరెవరో తెలిస్తే తృప్తిగా ఉంటుందని ఆరేళ్ళు చెప్పాను. తెలుసుకోకుండానే చెప్పాను. ఇవాళ కొంచెం తెలిసింది. తృప్తిగా ఏం లేదు. సిగ్గుగా ఉంది. కానీ ఈ సిగ్గు నాదే, ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు. ఆవిడని రాక్షసి అని రాసినవాళ్ళు ఆ మాట నాకు రాయండి. అంతే. ఇవాళ చెప్పడానికి ఇంకేం లేదు."

హెడ్‌ఫోన్‌లో హడావిడిగా సంగీతం మొదలైంది. లైటు ఆరింది.

ఆమె అలాగే కూర్చుంది. ఉద్యోగం పోయింది, అద్దాల గది పోయింది, రేపు బజారుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియదు. అయినా విచిత్రంగా ఆకలేసింది. నిన్నటి నుంచి ఆ సంగతే మర్చిపోయింది.

తలుపు తెరుచుకుంది. మేనేజరు నల్లబడిన మొహంతో లోపలికి వచ్చి, లాప్‌టాప్ మైకు పక్కన పెట్టి, తీగలు పీకడం మొదలుపెట్టాడు. అతని వెనక, చేతిలో సంచితో, అత్తగారు.

"మంచిదాన్ని చేసి చూపించావు నన్ను," అంది ఆవిడ. గొంతులో మెచ్చుకోలు లేదు. "సగం చెప్పడం నీకు అలవాటైపోయింది అమ్మాయ్."

"ఇంకేం దాచాను అత్తయ్యా?"

"నువ్వు దాచలేదు. నీకు తెలియదు. నువ్వు తలుపు విసిరేసి పోయాక నేను ఈ గదిలోనే ఉన్నాను. గాజు ఏరుతూ ఏదేదో అన్నాను. ఇన్నేళ్ళది అంతా. ఎవరూ లేరు కదా అనుకున్నాను. ఈ యంత్రం వింటోందని నాకేం తెలుసు?" ఆవిడ మేనేజరు వైపు చూసింది. "అదీ ఉంది కదూ నీ దగ్గర?"

"అది ప్రసారం కాలేదమ్మా. అప్పటికే పాట వేసేశాం. ఎవరూ వినలేదు."

"నువ్వు విన్నావా?"

మేనేజరు తీగ చుడుతూ ఉండిపోయాడు.

బయట టాక్సీ హారన్ మోగింది. మొగుడు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, టాక్సీ వచ్చింది. వెళ్ళద్దు అని నేను... అంటే, నీ ఇష్టం..."

"ఉండమను." ఆవిడ సంచి కింద పెట్టి, నిదానమ్మని పక్కకి జరిపి, అదే స్టూలు మీద కూర్చుంది. "ఏమన్నానో నాకే సరిగ్గా గుర్తు లేదు. నేనూ వినాలి. పెట్టు బాబూ."

మేనేజరు నిదానమ్మని చూశాడు. అతని కళ్ళలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "వద్దు మేడమ్. మీరైనా చెప్పండి. ఇందాక అందుకే తలుపు చప్పుడు దగ్గర ఆపేశాను."

"నన్ను తిట్టారా? తిట్టనివ్వండి, వింటాను."

"మీ గురించి ఒక్క ముక్క కూడా లేదు మేడమ్." అతను గుమ్మం వైపు చూడకుండా అన్నాడు. "అదంతా సార్ గురించి."

గుమ్మంలో మొగుడి చెయ్యి గడియ మీద బిగిసింది. ఇన్నేళ్ళలో అతని మొహం అలా రంగు మారడం నిదానమ్మ చూడలేదు.

"అమ్మా," అన్నాడు. "టాక్సీ వెయిటింగ్..."

"తలుపు వేసి లోపలికి రా," అంది ముసలావిడ, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంటూ.